కిత్తనారకు దాహం వేసిందనుకున్నాను

కరువుకు కూడా చావని మొక్కను నీళ్ళు పోసి చంపినవాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. పుట్టింది అనంతపురం జిల్లాలో, ఉంటున్నది మెల్బోర్న్ పడమటి అంచున ట్రుగనీనాలో, చేసేది ఇతరుల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం. నా తప్పు నేను పట్టుకోవడానికి మాత్రం ఒక వేసవికాలం మొత్తం పట్టింది. ఆ వేసవిలో ఒక పెద్దావిడ నా మీద పెట్టుకున్న నమ్మకాన్ని కుళ్ళబెట్టాను. కుళ్ళబెట్టడం అని మాటవరసకు అనడం లేదు, నిజంగా వాసన వచ్చింది. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం మా ఇంట్లోవాళ్ళెవరూ నవ్వలేదు.

సొంతిల్లు కట్టుకోకముందు మేము వెర్రిబీ అనే చోట అద్దెకుండేవాళ్ళం. (పేరు విని ఏదేదో ఊహించుకోకండి. అక్కడున్నన్నాళ్ళూ నా బుద్ధి బాగానే ఉండేది.) పక్కింట్లో కమలా ఆంటీ ఉండేవారు. ఆవిడ పుట్టింది ఫీజీలో. చెరుకు తోటల్లో పనికని ఎప్పుడో ఓడలో తీసుకెళ్ళిన తెలుగువాళ్ళ మనవరాలు. అక్కడ మిలటరీ తిరుగుబాటు గొడవలు వచ్చాక భర్త అప్పన్న అంకుల్‌తో ఇక్కడికి వచ్చేశారు. అంకుల్ సిటీ బస్సు నడిపేవారు. ఆంటీ తెలుగు వాళ్ళ నానమ్మ నేర్పిన తెలుగు, మధ్య మధ్య ఇంగ్లీషు అతుకులు. మేము ఆ వీధిలోకి రాకముందే అంకుల్ పోయారు.

ఆయన వదిలి వెళ్ళింది ఇంటి ముందున్న ఒక మొక్క. ఒకప్పుడు మెల్బోర్న్‌లో వానలు కరువై పచ్చికకు పైపు పట్టకూడదని ఆంక్షలు పెట్టినప్పుడు, వీధిలో అందరి గడ్డీ ఎండి గోనెపట్టాలా అయిందట. అంకుల్ ఉన్న గడ్డి మొత్తం తవ్వి పారేసి, తెల్ల గులకరాళ్ళు పరిచి, నట్టనడుమ ఈ ఒక్క మొక్కను నాటారు. ఏనుగు తొండంలా వంగిన కాండం, దాని కొసన రెండు చేతులూ చాచినంత వెడల్పు పువ్వులా విచ్చుకున్న దళసరి ఆకులు, బూడిద కలిసిన పచ్చ రంగు. ఆ ముంగిట్లో ఇంకేమీ లేదు, ఇంకేమీ అక్కర్లేదు కూడా. దారిన పోయేవాళ్ళు ఒక్క క్షణం ఆగి చూసి వెళ్ళేవారు.

నాకు మాత్రం మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది. మా ఊళ్ళో చేల గట్ల మీద మేకలు రాకుండా కిత్తనార ఉంటుంది. కొసన ముల్లు, అంచున రంపం. దాన్ని ఎవరు నాటారో ఎవరికీ తెలియదు, దానికి నీళ్ళు పోసిన మనిషి మా మండలంలోనే లేడు. ఇది ఆ జాతిదే, ముళ్ళు లేవంతే. కోరలు పీకిన పులిలా సాధువుగా ఉంది.

మేము ట్రుగనీనాలో ఇల్లు కట్టుకున్న ఏడాదే ఆంటీ తన ఇల్లు అమ్మేశారు. అడిలైడ్ దగ్గర మాసన్ లేక్స్‌లో కూతురింటి పక్కన చిన్న యూనిట్ తీసుకున్నారు. దానికి పెరడు లేదు, ముంగిలి లేదు, రెండు కుర్చీలు పట్టే బాల్కనీ మాత్రం ఉంది.

"బాబూ, నీ కొత్త ఇంటి ముంగట ఏం పెడతావు?" అని అడిగారు ఒకరోజు.

"ఇంకా అనుకోలేదాంటీ. ఫ్రంట్ యార్డ్ తొందరగా ఫినిష్ చెయ్యమని ప్లాటు అమ్మిన ఎస్టేట్ వాళ్ళు లెటర్ పంపినారు."

"అయితే దీన్ని తీసుకుపో. మీ అంకుల్ చెట్టు. ఇల్లు కొన్నవాళ్ళు ఇక్కడ కాంక్రీట్ పోస్తారంట, కార్లు పెట్టుకోడానికి."

అంత పెద్ద వస్తువు నా చేతిలో పెడతారని అనుకోలేదు.

"దీనికి ఏం చెయ్యాలాంటీ?"

"ఏం చెయ్యొద్దు. నీళ్ళు అసలు వద్దు. రెయిన్ పడితే తాగుద్ది, పడకపోతే ఊరుకుంటది. నువ్వు మరిచిపోవాల. అంతే పని. ప్రామిస్ చెయ్యి."

"ప్రామిస్ ఆంటీ."

ఆవిడ నా మొహంలోకి కాసేపు పరీక్షగా చూశారు. "మళ్ళీ చెయ్యి" అన్నారు. మళ్ళీ చేశాను.

మొక్కను వేళ్ళతో సహా తవ్వి, బొంతలో చుట్టి, స్నేహితుణ్ణడిగి తెచ్చిన ట్రైలర్‌లో పడుకోబెట్టి బయలుదేరాను. గోడౌన్ల మధ్య రోడ్డు మీద కారును ఎంత నెమ్మదిగా నడిపానంటే, వెనక లారీలన్నీ హారన్లు కొడుతూనే ఉన్నాయి. నిండు గర్భిణిని ఆసుపత్రికి తీసుకెళ్తున్నవాడి ముఖం పెట్టుకుని నేను ఎవరినీ లెక్కచేయలేదు.

ఇక డిజైన్. ఆ మాట ఆ నెలంతా మా ఇంట్లో పప్పు, అన్నం కన్నా ఎక్కువసార్లు వినిపించింది. వీడియోలు చూశాను, ఆఫీసు కంప్యూటర్లో కొలతలతో బొమ్మ గీశాను. గుండ్రటి దిబ్బ, దాని చుట్టూ తెల్లరాళ్ళు, వెనక ముదురు రంగు గోడ, ముందు రాత్రిపూట వెలిగే రెండు దీపాలు, నడుమ ఆంటీ ఇచ్చిన మొక్క. ఒక్కటే మరిచిపోయాను, మట్టి. ట్రుగనీనా మట్టి మన రేగడికి చిన్నాన్న కొడుకు. తడిస్తే జిగురు, ఎండితే బండ. అందులో లోతుగా గొయ్యి తవ్వి, నా ప్రేమంతా చూపించి, నాలుగు బస్తాల పశువుల ఎరువు కుమ్మరించి మొక్కను నిలబెట్టాను. నీళ్ళు కిందికి దిగే దారి లేని స్నానాల తొట్టిలో దాన్ని కూర్చోబెట్టానని అప్పుడు నాకు తెలియదు.

చూడడానికి మాత్రం దివ్యంగా ఉంది. వాకింగ్‌కు వచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకున్నారు. నేను కావాలనే అదే సమయానికి బయటికి వచ్చి, లేని చెత్తను ఏరుతూ, వాళ్ళు అడగకపోయినా ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. "చుక్క నీళ్ళు పోయం. నీటి విలువ మా అనంతపురం వాళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తాది?" తలలు ఊపి వెళ్ళిపోయేవారు.

అప్పుడు ఎండాకాలం వచ్చింది.

ఉత్తరాన ఎడారి నుంచి వేడిగాలి కొట్టే రోజులు ఇక్కడున్నవాళ్ళకు తెలుసు, తలుపు తీస్తే పొయ్యి మూత తీసినట్టుంటుంది. అలాంటి ఒక మధ్యాహ్నం ఏసీ కింద కూర్చుని కిటికీలోంచి చూస్తే, మొక్క అడుగున ఒక ఆకు కొద్దిగా వాలి కనిపించింది. ఒక్కటే ఆకు.

ఇక్కడ కాసేపు నవ్వు ఆపి ఒక మాట చెప్పాలి. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు మా బోరు ఎండిపోయింది. మాకు చీనీ (బత్తాయి) తోట ఉండేది. నాన్న ట్యాంకర్‌తో నీళ్ళు తోలించి, చెట్టుకు రెండు బిందెల చొప్పున పోసేవాడు. నేనూ మోశాను. పొద్దున్నే లేచి ఒక్కొక్క చెట్టు ఆకూ వేళ్ళ మధ్య పట్టుకుని చూసేవాడు. "ఆకు ముడుచుకుంటే చెట్టు అడుగుతాందని అర్థం రా" అనేవాడు. మేము పోసింది చాలలేదు. ఆఖరికి ఆ చెట్లు కట్టెలుగా ట్రాక్టర్‌కెక్కుతుంటే నాన్న ఇంట్లోంచి బయటికి రాలేదు. అందుకని వాలిన ఆకును చూస్తే నా చేతులు నా మాట వినవు.

లేచి, ఒక చెంబుడు నీళ్ళు తీసుకెళ్ళి పోశాను. ఒక్క చెంబు. ఆంటీ మరిచిపొమ్మన్న మాట గుర్తుంది, కానీ ఒక్క చెంబుకేమవుతుంది? మర్నాడు బియ్యం కడిగిన నీళ్ళు ఎటూ పారబోస్తామే అనిపించింది. మూడో రోజు నుంచి అది అలవాటు. పొద్దున అందరూ లేవకముందే దొంగలా వెళ్ళి పోసి, దొంగలా వచ్చి పళ్ళు తోముకునేవాణ్ణి.

నెల తిరిగేసరికి ఆకులు పసుపెక్కి మెత్తబడ్డాయి.

"ఏవండీ, ఆ మొక్క నీరసంగా కనబడట్లేదూ?" అంది నా భార్య శైలజ. ఆమెది కోనసీమ. వాళ్ళింటి వెనకే కాలవ. ఆ ఊళ్ళో మొక్కలకు నీళ్ళు పోయడమంటే పని కాదు, నీళ్ళే వచ్చి పోసుకుంటాయి.

"ఎండకట్లుంది. అదే తట్టుకుంటాది."

"దాహమేమోనండీ."

"ఆంటీకి మాటిచ్చినాం. నీళ్ళన్న మాటే ఎత్తొద్దు" అన్నాను గంభీరంగా. పొద్దున చెంబు పట్టుకున్న చేతికి తడి ఇంకా ఆరనే లేదు.

"అబ్బే, నేనెందుకు పోస్తానండీ!" అంది వెంటనే. పోశావా అని నేను అడగలేదు. తప్పులు పట్టే ఉద్యోగం చేసేవాణ్ణి, ఆ మాట దగ్గర ఆగి ఉండాల్సింది. ఆగలేదు.

ఫోటో తీసుకుని ఇద్దరం నర్సరీకి వెళ్ళాం. పెద్ద టోపీ పెట్టుకున్న నర్సరీ ఆయన ఫోటోను దగ్గరగా చూసి, దూరంగా చూసి, "నీళ్ళు ఎన్నాళ్ళకోసారి పోస్తున్నావు, మేట్?" అని అడిగాడు.

పక్కన శైలజ ఉంది. ఆవిడ ముందు నిజమెలా చెప్పను?

"అసలు పొయ్యం" అన్నాను.

"అసలే?"

"నెవర్."

శైలజ కూడా తల అడ్డంగా ఊపింది. ఆయన గడ్డం గోక్కున్నాడు. "మరీ అసలే లేకపోతే ఎలా? ఈసారి ఎండలు చూశావుగా. ఒకసారి నిండుగా, వేళ్ళదాకా తడిసేలా పెట్టు" అన్నాడు. డాక్టరుకు అబద్ధం చెప్పి మందు తెచ్చుకోవడమంటే ఇదే. ఆ సాయంత్రం ఇద్దరం కలిసి గంటసేపు పైపు పెట్టాం. ఎక్కడికీ పోయే దారిలేక నీళ్ళు మొదట్లో నిలిచి, ఆకాశం కూడా అందులో అందంగా కనిపించింది.

ఆ వారమే ఆంటీ ఫోన్ చేశారు.

"బాబూ, శనివారం వస్తన్నాను. అంకుల్ పోయిన రోజు. గుడికి పోయి, మీ ఇంటికి వచ్చి, చెట్టు కాడ కాసేపు కూచుంటాను. బాగుందా?"

"బ్రహ్మాండంగా ఉందాంటీ" అన్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

శుక్రవారం ఆఫీసు నుంచి తొందరగా వచ్చి, పాడైన ఆకులు నాలుగు తీసి ముస్తాబు చేద్దామని మొక్క దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. కాండాన్ని చేత్తో పట్టుకున్నాను. అది చేతికి ఆనలేదు, చేయే అందులోకి దిగింది. బాగా మగ్గిన సీతాఫలంలా మెత్తగా ఉంది. పైనున్న ఆకుల గుత్తి నెమ్మదిగా, నన్ను క్షమించమన్నట్టు, ఒక పక్కకు ఒరిగింది. ఆ తర్వాత వాసన వచ్చింది. ఆ వాసన గురించి రాయను, మీలో కొందరు భోజనం చేస్తూ చదువుతుండవచ్చు.

"ఎవరు నీళ్ళు పోసింది?" అని అరిచాను, న్యాయమూర్తిలా.

శైలజ, ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన మా అత్తగారు, పదేళ్ళ మా అమ్మాయి మేఘన, ముగ్గురూ గుమ్మంలోకి వచ్చారు. మేఘన తింటున్న యాపిల్‌ను పక్కకు జరిపి, "డాడ్, ఎవ్రీవన్ వాటర్స్ ఇట్" అంది.

"ఎవ్రీవన్ అంటే?"

"యూ, ఇన్ ద మార్నింగ్. అమ్మమ్మ, ఆఫ్టర్ యూ. మామ్, ఎవ్రీ ఆర్వో. ఐ థాట్ ఇట్ వజ్ ఎ రోస్టర్."

ఆర్వో అంటే ఇక్కడి పిల్లల యాసలో మధ్యాహ్నం. పైగా రోస్టరట! ఆఫీసులో ముగ్గురం షిఫ్టులు వేసుకుని చేస్తున్నట్టు!

అత్తగారు కొంగు సర్దుకున్నారు. "సూర్యుడికి రోజూ అర్ఘ్యం ఇత్తానా అల్లుడు గారూ, ఆ నీళ్ళు ఎక్కడో పొయ్యటవెందుకని దాని మొదట్లో పోసేదాన్నండి. పచ్చటి మొక్కని అలా మాడ్చేత్తారా ఏవిటి?"

"నువ్వు?" అన్నాను శైలజతో.

"మా ఇంటి ముందర మొక్క ఎండిపోయిందంటే నలుగురూ ఏమనుకుంటారండీ? బట్టలు ఆరేసి వస్తూ కొంచెం పైపు తిప్పేదాన్ని. మీకు తెలిస్తే బాధపడతారని చెప్పలేదు." నా వైపు తిరిగింది. "మరి మీరో?"

చుక్క నీళ్ళు కూడా పోయం అని వీధి వీధంతా ఉపన్యాసాలిచ్చిన ఇల్లు ఇది. మా వైపు ఒక పల్లెకు సరిపడే నీళ్ళు ఆ మొక్క ఒక్కటే తాగింది.

అప్పుడే నిజం ఒప్పుకుని ఆంటీకి ఫోన్ చేసి ఉంటే ఈ కథ ఇక్కడితో మర్యాదగా అయిపోయేది. నేనా పని చేయలేదు. టమోటా మొక్కలకు ఆసరాగా పెట్టే కర్రలు నాలుగు తెచ్చి, వైర్లు కట్టే ప్లాస్టిక్ టైలతో ఆకుల గుత్తిని పైకెత్తి కట్టి, కట్లు కనబడకుండా రాళ్ళు పేర్చాను. దూరం నుంచి చూస్తే ఆరోగ్యంగానే ఉంది. ఆంటీని దూరం నుంచే చూడమనొచ్చు అనుకున్నాను. మనిషి భయంలో ఎంతటి మూర్ఖపు ఆలోచననైనా ఉపాయమనుకుంటాడు.

శనివారం ఆంటీ వచ్చారు. లేత రంగు చీర, చేతిలో మందార పువ్వు. లోపలికి రమ్మంటే రాలేదు. "ముందు చెట్టు" అన్నారు. మేము కుర్చీ ఆరడుగుల దూరంలో వేశాం. ఆవిడ కుర్చీని లాక్కుని మొక్క పక్కనే వేసుకుని కూర్చున్నారు. మేము నలుగురం వరుసగా నిలబడ్డాం.

ఆంటీ ఊరికే కూర్చున్నారు. కాసేపటికి మందారాన్ని మొదట్లో పెట్టి, బస్సు దిగి ఇంటికొచ్చిన మనిషి భుజం తట్టినట్టు, ఒక ఆకు మీద చేయి వేశారు.

టప్పుమని ఒక టై తెగింది. ఆకుల గుత్తి మొత్తం, అంత పెద్దదీ, వచ్చి ఆవిడ ఒళ్ళో పడింది.

ఆంటీ ఒళ్ళోకి చూసుకున్నారు, కర్రల వంక చూశారు, తర్వాత నా వంక చూశారు. నా నోటి నుంచి మాటలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. చెంబు, బియ్యం నీళ్ళు, నర్సరీలో అబద్ధం, కర్రలు, నాన్న, చీనీ చెట్లు, ట్రాక్టరు, అన్నీ చెప్పాను. ఎప్పుడు ఏడుపు మొదలైందో నాకే తెలియదు. నలభై ఏళ్ళవాణ్ణి, నేను గీసిన డిజైన్ మధ్యలో నిలబడి, వాకింగ్ చేసేవాళ్ళు చూస్తుండగా ఏడ్చాను.

ఆంటీ అంతా విన్నారు. విని, "కత్తి తే" అన్నారు.

శైలజ నా చేయి గట్టిగా పట్టుకుంది. అత్తగారే లోపలికి వెళ్ళి కూరగాయల కత్తి తెచ్చి ఇచ్చారు. ఆంటీ ఆకుల గుత్తిని తిరగేసి, కుళ్ళిన కాండాన్ని చక్రాలు చక్రాలుగా కోస్తూ పైకి వెళ్ళారు. గోధుమరంగు, గోధుమరంగు, మళ్ళీ గోధుమరంగు. చివరికి ఒక కోత దగ్గర తెల్లగా, ముల్లంగి దుంపలా గట్టిగా కనిపించింది. అక్కడ ఆపారు.

"ఇది చావలేదు. మెడే కుళ్ళింది, తల బానే ఉంది. నీడలో పెట్టి ఆరనివ్వండి. కోసిన కాడ పొర కట్టినాక ఇసక కలిపిన మట్టిలో పెడితే మళ్ళీ వేరు తీస్తది."

"మీకెట్లా తెలుసాంటీ?"

ఆవిడ కత్తిని చీర కొంగుకు తుడుచుకున్నారు. "మీ అంకుల్ దీన్ని మూడు తూర్లు చంపేడు. మేము ఫీజీలో సూవా పక్క పెరిగినాము, అక్కడ రోజూ రెయిన్. ఆయనకి ఎండిన మట్టి చూస్తే చెయ్యి ఆగేది కాదు. నేను షాపింగ్ పోతే పైప్ పట్టేవాడు. కుళ్ళినాక కూచుని ఏడ్చేవాడు. నేను కోసి మళ్ళీ నాటేదాన్ని." ఆగి నా వంక చూశారు. "నీ కాడ రెండు తూర్లు ప్రామిస్ ఎందుకు తీసుకున్నాను బాబూ? నీదీ అదే మొహం. నీళ్ళు పోసే మొహం."

అప్పుడు నవ్వారావిడ. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. మాకు నవ్వాలో వద్దో తెలియక అలాగే నిలబడి ఉన్నాం.

తర్వాత లేచి, ఆ ఆకుల గుత్తిని రెండు చేతులా ఎత్తి, నన్ను దాటి, శైలజను దాటి, చేతులు చాచిన అత్తగారిని కూడా దాటి, మేఘన చేతుల్లో పెట్టారు.

"ఇది నీది. ఈ ఇంట్లో నువ్వొక్కదానివే దీనికి ఏం చెయ్యలేదు."

"ఓకే ఆంటీ. ఐ వోంట్ డూ ఎనీథింగ్" అంది మా అమ్మాయి ఎంతో బాధ్యతగా. అన్నట్టే ఏమీ చేయలేదు. గరాజ్‌లో నీడన పెట్టి, నెలల తరబడి దాని వంకే చూడలేదు. శీతాకాలం పోయాక ఇసుక కలిపిన మట్టి దిబ్బ మీద నాటింది. ముందు ఒక అట్ట ముక్క మీద ఇంగ్లీషులో బోర్డు రాసి గుచ్చింది: డాడ్‌కు ప్రవేశం లేదు. ఇప్పుడు వాకింగ్‌కు వచ్చేవాళ్ళు ఫోటో తీసేది మొక్కను కాదు, ఆ బోర్డును. కొత్త ఆకు విచ్చుకున్న రోజు ఆంటీ వీడియో కాల్ చేసి నా మొహం కనబడగానే, "నువ్వు కాదు బాబూ, గార్డెనర్‌ని పిలువు" అన్నారు.

కనుక ఆస్ట్రేలియా ఖండే, మెల్బోర్న్ నగరస్య పశ్చిమ దిగ్భాగే, ట్రుగనీనా గ్రామే, స్వగృహే, భార్యా, అత్తగారూ, పుత్రికా సమేతుడనైన నేను పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ మొక్క ఆకు వాలినా, వేలాడినా, నేల మీద పడి దొర్లినా, దాని జోలికి వెళ్ళను. మరీ మనసు ఆగకపోతే ఆ చెంబుడు నీళ్ళూ అక్కడే నిలబడి నేనే తాగేస్తాను.